పాత రంపంలో ఏది పాతగా మిగలాలి?

కర్నూలు పాతబస్తీలో ఒక గుజిరీ అంగడి. తక్కెడ మీద ఒక పాత గొలుసు రంపం 9 కిలోల 800 గ్రాములు తూగింది. పక్కన రెక్కలు విరిగిన ఫ్యాన్లు, కాలిపోయిన మోటార్లు, ఒక తట్ట నిండా కుక్కర్ మూతలు. అంగడాయన దాన్ని సత్తు లెక్కన తూకం వేసి ధర చెప్పినాడు. ఇంకో గంట ఆలస్యంగా పోయి ఉంటే సమ్మెట దెబ్బకు నాలుగు ముక్కలై లారీ ఎక్కేది. "దీంతో ఏం చేస్తావప్పా, తాడు లాగితే గుండు మాదిరి ఉంది" అన్నాడు. నిజమే. తాడు జానెడు కూడా రాలేదు. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. దాని మేకుల బెజ్జాలు రెండు మిగిలినాయి, అంతే.

మన దిక్కు దాన్ని కట్టె కోసే మిషను అంటారు. చైన్‌సా అన్నా తెలుస్తుంది. ఆన్‌లైన్లో ఐదారు వేలు పెడితే 58 సీసీ చైనా మిషను వారం లోపల గుమ్మం ముందుకొస్తుంది. కట్టె కోయడమే మీ పని అయితే అదే కొనుక్కోండి, ఈ వ్యాసం మీకు అక్కరలేదు. నలభై యాభై ఏండ్ల కిందటి మిషను వెతికి తెచ్చి, విప్పి, కడిగి, మళ్ళీ నడిపించుకోవడం వేరే పిచ్చి. అమెరికా, కెనడా, జర్మనీ, స్వీడన్‌లలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే. మన దగ్గర పాత స్కూటర్లు, రేడియోలు కూడబెట్టేవాళ్ళు కనిపిస్తారు గానీ రంపాల జోలికి పోయేవాళ్ళు అరుదు. అందుకే అడిగి తెలుసుకునే దోవ కూడా తక్కువ.

ఈ పనిలో దిగినవాళ్ళ మధ్య ఎప్పుడూ ఒక జగడం ఉంటుంది. గీత పడిన పెయింటు కూడా అట్లే ఉండాలని ఒకరు. నడిస్తే చాలు, లోపల ఏం పెట్టినా ఒకటేనని ఇంకొకరు. నాకైతే ఇద్దరూ మిషనును ఒకే వస్తువుగా చూస్తున్నారనిపిస్తుంది. దాంట్లో ఇనుముకు ఒక వయసు, రబ్బరుకు ఒక వయసు. ట్యాంకులో పోసే పెట్రోలు నిన్న మొన్నటిది. ప్రాణం కాపాడే ఏర్పాట్లు ఆ మిషను తయారయ్యే నాటికి పుట్టనే లేదు. అన్నిటికీ ఒకే తీర్పు చెప్తే ఒక చోట కాకపోతే ఒక చోట దెబ్బ తింటాం.

గొలుసుకు పల్లు ఎట్ల వచ్చినాయి

గొలుసుకు పల్లు పెట్టి కోయాలన్న ఆలోచన అడవిలో పుట్టలేదు, వైద్యుల చేతుల్లో పుట్టింది. 1780ల్లో స్కాట్లండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ కష్టమైన కాన్పుల్లో కటి ఎముకల కీలు కోయడానికి, పాడైన ఎముక తీసేయడానికి చేత్తో లాగే సన్నటి గొలుసు రంపం వాడినారు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె పిడి తిప్పితే గొలుసు తిరిగే ఎముకల రంపం చేసినాడు. మత్తుమందు రాకముందు మాట ఇది. ఇంతకంటే వివరం వద్దు.

చెట్టు దగ్గరికి రావడానికి ఇంకో వందేండ్లు పట్టింది. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం, 1929లో పెట్రోలు రంపం చేసినాడు. పెట్రోలుది 46 కిలోలు, అంటే దాదాపు ఒక సిమెంటు మూట. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే గానీ లేవదు. ఒక్క మనిషి మోయగల బరువుకు దిగింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీ 25 పౌండ్ల మిషను తెచ్చింది, మన లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. 1959లో స్టీల్ వాళ్ళ కాంట్రా వచ్చింది, మధ్యలో గేర్లు లేకుండా ఇంజను నేరుగా గొలుసును తిప్పేది. పోగుచేసేవాళ్ళు వెతికేది ఎక్కువగా ఈ కాలం నుంచి 1980ల దాకా వచ్చిన మిషన్లనే. (ఆ మెకల్లక్ దొరే 1968లో లండన్ బ్రిడ్జిని కొని, రాయి రాయి విప్పించి అరిజోనా ఎడారిలో మళ్ళీ కట్టించినాడు. పాత వస్తువుల పిచ్చికి హద్దు లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు దొరకలేదు.)

ఇంజను ఎంత తేలికైనా అప్పటి గొలుసు మాత్రం కట్టెను గీరేదే గానీ చెక్కేది కాదు. చేతి రంపం పల్లనే గొలుసుకు అతికించినట్టు ఉండేది. ఊరికే మొద్దుబారేది, సాన పట్టడానికే సగం పొద్దు పోయేది. 1946లో అమెరికాలోని ఓరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టే మనిషి ఒక మొద్దులో పురుగును చూసినాడు. కట్టె తొలిచే పెంకుపురుగు పిల్ల అది. నిలువుగా, అడ్డంగా, ఎటుబడితే అటు తొలుచుకుంటూ పోతోంది. దాని దవడలు రెండూ వంపు తిరిగి, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి కట్టెను తీస్తున్నాయి. కాక్స్ ఆ వంపునే ఉక్కులో చేసి గొలుసుకు ఎడమ ఒకటి, కుడి ఒకటిగా బిగించినాడు. 1947లో ఆ గొలుసుకు కంపెనీ పెట్టినాడు. ఈ రోజు మన కట్టెల అడితిల్లో తిరిగే ప్రతి గొలుసూ ఆ పురుగు దవడ సంతతే.

వండ్రు

నేను తెచ్చిన మిషను ఎవరిదో ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువు చక్రం) మూత విప్పిన తర్వాతే కొంచెం అర్థమైంది. లోపల అంతా ఎండిన వండ్రు మట్టి. గోటితో గీరితే బిస్కత్తు మాదిరి పెచ్చులు లేచింది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నదుల పక్కన ఉన్న అంగళ్ళు, షెడ్లు అన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. ఏదో అడితిలో ఇదీ మునిగి ఉంటుంది. తర్వాత ఎవరూ విప్పలేదు. రాయలసీమ ఎండ దాన్ని ఆ మట్టితోనే కాల్చి పెట్టింది.

మన వాతావరణం ఇనుముకు మంచిదే. అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టం. కోస్తాలో పట్టినంత తొందరగా ఇక్కడ మిషనుకు తుప్పు పట్టదు. కానీ ఒకసారి మునిగినదాని సంగతి వేరు. ముఖ్యంగా పాత రంపాల ఒళ్ళు చాలావాటికి సత్తు కాదు, మెగ్నీషియం. సత్తు కంటే మూడో వంతు తేలిక. దానికి తుప్పు ఎర్రగా రాదు, తెల్లటి సున్నం మాదిరి పూస్తుంది. పరీక్ష సులభం: ఒక మూల గీరి వెనిగర్ చుక్క వేయండి. సన్నటి బుడగలు చిటపటలాడితే మెగ్నీషియం. సత్తు అయితే ఊరికే తడిసి ఉంటుంది. గుజిరీ అంగడాయనకు ఇది చూపించినాను. ఆయన బుడగలు చూసి, "అంటే తక్కువ ధరకు ఇచ్చినానా, ఎక్కువకు ఇచ్చినానా?" అని అడిగినాడు.

మెగ్నీషియం అని తేలితే గ్రైండరు పెట్టకండి. ఆ పొడికి నిప్పంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ ఇంకా మండుతుంది. పక్కన పొడి ఇసుక బొక్కెన ఉంచుకుని, చేతి బ్రష్షుతోనే తోముకోవాలి.

పేరు పలక లేని మిషను ఏ దేశానిదో బోల్టులు చెప్తాయి. 11 స్పానరు ఎక్కలేదు, 12 పెడితే తిరిగిపోయింది. అంటే అది 7/16 అంగుళం, అమెరికా కొలత. జర్మనీ, స్వీడన్ మిషన్లయితే మిల్లీమీటరు స్పానర్లు చక్కగా పడతాయి. అంగుళాల స్పానర్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటాయి? కొండారెడ్డి బురుజు వెనక సందులో ఒక మెకానిక్ ఉన్నాడు, అరవై దాటినవాడు, భాయ్ అని పిలుస్తాను. చేతక్‌లు, లూనాలు బాగు చేసి బతికినవాడు. ఆయన పెట్టెలో పాత మహీంద్రా జీపు కాలపు టూల్ కిట్ ఉంది. భాయ్ ఆ స్పానరు తీసి ఊది, "ఇది బయటికొచ్చి ఇరవై ఏండ్లయింది" అన్నాడు.

బిగుసుకున్న పిస్టన్ మీద సుత్తి వేయకూడదు. ప్లగ్గు బెజ్జంలోంచి డీజిలు పోసి వారం రోజులు పక్కన పెట్టినాం. ఎనిమిదో రోజు ఫ్లైవీల్ చేత్తో తిప్పితే "కిర్ర్" అని నూలుపోగంత కదిలింది. ఆ సాయంత్రానికి పూర్తిగా తిరిగింది. క్లచ్చి విప్పే దగ్గర భాయ్ అలవాటు కొద్దీ ఎడమకు తిప్పబోయినాడు. చాలా రంపాల్లో క్లచ్చికి ఎడమ మర ఉంటుంది. విప్పడానికి కుడికి తిప్పాలి. తెలియక బలం చూపిస్తే పిస్టన్‌తో తిరిగే ఇరుసు (క్రాంకు) కొసే విరుగుతుంది. ప్లగ్గు బెజ్జంలోంచి తాడు కుక్కి పిస్టన్ను ఆపి, కుడికి తిప్పితే సులభంగా వచ్చింది.

సిలిండరు బాగుందో లేదో తెలియాలంటే సైలెన్సరు విప్పి, ఆ రంధ్రంలో టార్చి వేసి పిస్టన్ పక్కను చూడాలి. నున్నగా ఉంటే అదృష్టం. నిలువు గీతలు లోతుగా ఉంటే ఎప్పుడో ఆయిలు చాలక పట్టేసిందని అర్థం. సిలిండరు లోపల చాలావాటికి క్రోమ్ పూత ఉంటుంది, దానికి తుప్పు పట్టదు. పిస్టన్ సత్తు కరిగి దాని మీద అంటుకుని ఉంటే బాత్‌రూమ్ యాసిడ్ దూదికొసతో అద్దితే సత్తు కరుగుతుంది, ఎక్కువసేపు ఉంచితే క్రోమ్‌నూ తింటుంది. పూత లేచిపోయిన చోట యాసిడ్ తగిలితే మాత్రం సిలిండరునే తినేస్తుంది. ఆ పని బయట, గాలి వీచే చోట, కళ్ళద్దాలు పెట్టుకుని చేయాలి. నాదాంట్లో ఆ అవసరం రాలేదు. రింగులు కడిగితే చాలినాయి, బేరింగులే పోయినాయి.

బేరింగుల దగ్గర ఈ పిచ్చి ఉన్నవాడికి లోకం ఒక మేలు చేసింది. అంచు మీద 6203 అని ఉంటే అది ఏ దేశం మిషనులో దొరికినా లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లే. కర్నూలు బేరింగుల అంగట్లో ఆ నంబరు చెప్తే ఏ మిషనుకని కూడా అడగరు. ఇంజనుకు కాబట్టి వెనక సీ3 అని ఉన్నది తీసుకోవాలి. వేడికి ఉబ్బినా బిగుసుకోకుండా లోపల కొంచెం ఎక్కువ వదులుంటుంది దానికి.

ఇంజను అతికించినాక ఊపిరి, అంటే కంప్రెషన్, ఎంతుందో చూడడానికి గేజీ ఉంటే మంచిది. 110 పీఎస్‌ఐ కంటే తక్కువైతే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, 150 దగ్గరుంటే సంతోషం. గేజీ లేకపోతే స్టార్టరు తాడు పట్టుకుని మిషనును గాల్లోకి ఎత్తండి. సర్రున కిందికి జారిపోతే లోపల ఊపిరి లేదు. ఆగి ఆగి, ముసలాయన మెట్లు దిగినట్టు దిగితే బాగున్నట్టే.

ఇదంతా పాతగా మిగలాల్సిన భాగం. పెయింటు కూడా నేను ముట్టుకోలేదు. వండ్రు కడిగినప్పుడు కింద పసుపు రంగు అక్కడక్కడ తేలింది, చాలు.

నిప్పు

దీని గురించి ఎక్కువ చెప్పక్కరలేదు, ఎందుకంటే మన దగ్గర దీన్ని తెలిసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. పాత రంపాల్లో ఫ్లైవీల్ కింద పాయింట్లు, కండెన్సరు ఉంటాయి. యెజ్డీ, రాజ్‌దూత్, పాత చేతక్ తోలినవాళ్ళకు ఇది ఇంటి భాష. ఫ్లైవీల్లోని అయస్కాంతం కాయిల్ పక్కగా పోయినప్పుడు కరెంటు పుడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పాయింట్లు తెరుచుకుంటే ఆ కరెంటు ఒక్కసారిగా తెగి, కాయిల్ రెండో చుట్టులో వేల వోల్టులై ప్లగ్గు దగ్గర దూకుతుంది. ఏండ్ల తరబడి ఊరికే పడి ఉంటే పాయింట్ల మొహం మీద కంటికి కనబడని పొర కడుతుంది. చాలాసార్లు రోగం అంతే. భాయ్ ఒక పాత పెండ్లిపత్రిక వెనక రంగు లేని వైపు చింపి పాయింట్ల మధ్య రెండు సార్లు లాగినాడు. ఫీలరు గేజీతో సందు 0.4 మిల్లీమీటరుకు పెట్టినాడు. కండెన్సరు స్కూటరుది వేసినాడు. చీకట్లో ప్లగ్గు ఒంటికి ఆనించి తాడు లాగితే నీలం నిప్పు. కండెన్సరు కొలత దగ్గరదైతే చాలు, అది ఏ బండిదని ఇంజను అడగదు.

రబ్బరు

ఇక్కడే అసలు చిక్కు. పాత రంపాలను చంపేది తుప్పు కాదు, ఎండిన రబ్బరు.

స్కూటరు కార్బరేటర్లో గిన్నె ఉంటుంది, తేలుడు బుడ్డి ఉంటుంది. బండిని పక్కకు పడేస్తే పెట్రోలు కారిపోతుంది. రంపాన్ని మాత్రం అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా పట్టుకోవాలి. మొదట్లో దానికీ గిన్నె కార్బరేటరే ఉండేది, అందుకని ఇంజను నిటారుగానే ఉంచి గొలుసు తిరిగే కోత బ్లేడును మాత్రమే తిప్పుకునేవాళ్ళు. తర్వాత గిన్నె తీసేసి పలచటి పొర పెట్టినారు, డయాఫ్రం అంటారు. ఇంజను అడుగు గదిలో పిస్టన్ పైకీ కిందికీ కదిలినప్పుడు గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపిరితోనే ఒక పొర పెట్రోలును ట్యాంకులోంచి తోడుతుంది. ఇంకో పొర ఎంత కావాలో అంతే సూది తెరిచి వదులుతుంది. ఎటు తిప్పినా నడవడం వెనక ఉన్న కిటుకు ఇదే.

ఆ పొర మెత్తగా ఉన్నన్నాళ్ళే ఈ మాయ. ఎండిన విస్తరాకు మాదిరి గట్టిపడితే సూది సరిగా తెరుచుకోదు, పెట్రోలు తక్కువ వస్తుంది. నాలుగు చక్రాల బండిలో పెట్రోలు తక్కువైతే ఊపు తగ్గుతుంది, అంతే. రంపంలోది టూస్ట్రోక్ ఇంజను, దాంట్లో ఆయిలు పెట్రోలులోనే కలిసి వస్తుంది కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ముప్పావు వంతు పాత సిలిండర్లు ఇట్లా పోయినవేనని నా అనుమానం.

క్రాంకు రెండు పక్కలా ఉండే సీళ్ళదీ ఇదే కథ. అవి గట్టిపడి సందిస్తే బయటి గాలి లోపలికి దూరుతుంది, మళ్ళీ అదే పెట్రోలు కరువు. దాని గుర్తును నేను చెవులారా విన్నాను. మొదటిసారి స్టార్టయిన సంబరంలో యాక్సిలరేటర్ వదిలేసినాను. మోత తగ్గలేదు. తగ్గకపోగా పెరుగుతోంది. స్విచ్చి నొక్కితే ఆగలేదు, దాని వైరు నేనే సరిగా బిగించలేదు. భాయ్ పరిగెత్తుకొచ్చి, "చోకు లాగు! చోకు!" అని అరిచినాడు. లాగితే ఊపిరాడక ఆగింది. సీళ్ళు బాగానే ఉన్నాయిలే, మళ్ళీ చూద్దాం అని నేనే అనుకుని పాతవే వేసినాను, ఎవరినీ అనడానికి లేదు. ఆ రోజు నుంచి నా నియమం: మిషను ఎంత అందంగా నడిచినా సీళ్ళు, పైపు, ట్యాంకు మూత వాషరు, డయాఫ్రం కిట్టు కొత్తవి వేయకుండా స్టార్టు చేయను. సీళ్ళు కొలత చెప్తే ఇక్కడే దొరుకుతాయి. డయాఫ్రం కిట్టు బయటి నుంచి తెప్పించుకుంటే కిట్టు కంటే కొరియరుకే ఎక్కువైంది.

దీనికి తోడు పెట్రోలు మారిపోయింది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. 1970ల నాటి రబ్బరు దాన్ని ఎరగదు. పైపు మొదట ఉబ్బుతుంది, తర్వాత జిగురు జిగురవుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి ఉంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ఆ అడుగు నీళ్ళలో ఆయిలు ఉండదు. రంపం మొదట పీల్చేది అదే. ఇంకొకటి, ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు. పాత పెట్రోలుకు సరిపెట్టిన కార్బరేటరు ఈ20తో అదే గాలి, అంతే పెట్రోలు ఇస్తుంది కాబట్టి లెక్కకు కరువుగా నడుస్తుంది. పెట్రోలు పాళ్ళు సరిచేసే, హెచ్ అని ఉండే స్క్రూను కొంచెం తెరవాలి.

నమ్మకం లేకపోతే గీతలున్న సన్న సీసాలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఊపి నిలబెట్టండి. పొయ్యికి, బీడీకి దూరంగా. నీళ్ళు ఇథనాలును లాక్కుని అడుగున చేరతాయి. 10 గీత దగ్గర ఉండాల్సిన నీటి మట్టం 30 దగ్గరికి లేస్తుంది. ఆ సీసాలోది మళ్ళీ ఏ బండిలోనూ పోయకూడదు. నాకు తెలిసిన మందు ఒకటే: ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయడం, పని అయిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కూడా కాలిపోయేదాకా ఇంజను నడిపి ఆపడం.

ఆయిలు ఎంత కలపాలన్నది ఇంకో తగాదా. పాత మూతల మీద 16కు 1 అని అచ్చు పోసి ఉంటుంది, లీటరుకు 62 మిల్లీలీటర్లు. అప్పటి ఆయిలు అట్లాంటిది. ఇప్పటి మంచి 2టీ ఆయిలుతో అంత పోస్తే ప్లగ్గు మసి పట్టి ఆగుతుంది. కొత్త మిషన్ల 50కు 1, అంటే లీటరుకు 20, పాత బేరింగులకు నేను పోయను. నేను పోసేది 40 మిల్లీలీటర్లు. పొగ కొంచెం ఎక్కువ వస్తుంది. రానీ.

పొట్టు, పేడు

గొలుసు పాతది వాడడంలో అర్థం లేదు. అతుకు మేకులు అరిగి సాగి ఉంటుంది, తెగితే మీ మీదికే వస్తుంది. కొత్తది కొనాలంటే కొలత తెలియాలి. వరసగా మూడు అతుకు మేకులను చూసి, మొదటి దాని నడుమ నుంచి మూడో దాని నడుమకు దూరం కొలిచి సగం చేస్తే అదే పిచ్. నాదానికి 0.404 అంగుళం వచ్చింది. పెద్ద మిషన్ల కొలత అది, ఇంకా దొరుకుతుంది. దాన్ని సాన పట్టే గుండ్రటి ఆకురాయి 5.5 మిల్లీమీటర్లది ఉండాలి. చిన్నది వాడితే పల్లు కొక్కెం మాదిరి లోతుకు తవ్వుకుంటుంది.

పన్ను పనిచేసే తీరు వడ్రంగి చిత్రిక మాదిరి. ముందర ఒక మొద్దు కొన ఉంటుంది, అది కోయదు, ఎంత లోతు దిగాలో చెప్తుంది. వెనక పన్ను ఆ లోతునే చెక్కుకుంటూ పోతుంది. రెండిటి ఎత్తుల తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ మొద్దు కొనను ఎక్కువ అరగదీస్తే మిషను కట్టెను కొరికి చేతిని గుంజుతుంది. అరగదీయకుండా పల్లనే సాన పడుతూ పోతే పైపైన జారుతుంది. కింద రాలేది చూస్తే చాలు: పేళ్ళు రాలుతుంటే పదును ఉంది, పిండి మాదిరి పొట్టు రాలితే ఆపి ఆకురాయి తీయండి. మన చింత, వేప మాన్లలో ఇంకో గండం ఉంది. ఊరి నడుమ ఉన్న మానుకు తోరణాల మేకులు, కంచె తీగలు ఎప్పుడో లోపలికి మునిగిపోయి ఉంటాయి. ఒక్క మేకు చాలు, అరగంట సాన నేలపాలు.

కాలిన ఇంజనాయిలును గొలుసుకు పోసే అలవాటు మన అడితిల్లో అంతటా ఉంది. దాంట్లో ఇనప రజను ఉంటుంది, బ్లేడు గాడిని తినేస్తుంది. పాత మిషన్లలో గొలుసుకు ఆయిలు బొటనవేలితో నొక్కి పంపాలి. మర్చిపోతే గుర్తుచేసేది పొగే.

లేనిది ఏమిటి

పాత రంపాన్ని నిజంగా పాతగా వాడకూడని చోటు ఇది. గొలుసు సెకనుకు 20 మీటర్లు పోతుంది, గంటకు 72 కిలోమీటర్లు. బ్లేడు కొస పైభాగం ఏదైనా కొమ్మకు తగిలితే పన్ను దిగబడి, ఆ ఊపంతా బ్లేడును పైకి, వెనక్కి, అంటే మీ మొహం వైపు విసురుతుంది. రెప్పపాటులో అయిపోతుంది, మనిషి చేయి అంత వేగంగా కదలదు. కొత్త మిషన్లలో ముందు పిడికి ఉన్న కాపుకు మణికట్టు తగిలితే బ్రేకు పడి గొలుసు ఆగుతుంది. ఆ బ్రేకు 1970ల్లో గానీ రాలేదు. అంతకుముందు మిషనులో దాన్ని తర్వాత పెట్టించడం అయ్యే పని కాదు. కాబట్టి బ్రేకు లేని మిషనుతో నేను బ్లేడు కొసతో కోయను, భుజం ఎత్తు దాటించను, చెట్టెక్కను, నిలబడిన చెట్టును కొట్టను. నేల మీద పడి, రెండు పక్కలా రాళ్ళు పెట్టి కదలకుండా చేసిన మొద్దు మాత్రమే. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు దిమ్మలు రావడం 1960ల నడుమ మొదలైంది. అంతకుముందు మిషన్ల వణుకు నేరుగా ఎముకల్లోకి పోయేది. అడవి పని చేసినవాళ్ళకు ఏండ్ల తర్వాత చలిలో వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వచ్చేది, దాని పేరే తెల్ల వేలు. సరదాకు నడిపేవాళ్ళకు అంత ప్రమాదం లేదు గానీ పది నిమిషాలు కోసి పది నిమిషాలు దింపడం మంచిది. చెవులకు మఫ్లరు, కాళ్ళకు రంపం తగిలితే పోగులు పోగులై గొలుసును చుట్టి ఆపే ప్యాంటు. ఆ ప్యాంటు మిషను కంటే ఎక్కువ ధర పలికింది. మా ఇంట్లో ఈ లెక్క ఇంకా తెలియదు.

ఒక మాట చట్టం గురించి కూడా. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత చేనులో చెట్టు కొట్టాలన్నా ముందుగా అనుమతి అడగాలి, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. కడప వైపు శేషాచలం, లంకమల దారుల్లో ఎర్రచందనం గొడవ తెలిసిందే. డిక్కీలో కోత మిషను పెట్టుకుని ఆ దారిన పోతూ చెక్‌పోస్టు దగ్గర "ఇది నా సరదా సార్" అంటే నమ్మే మనిషి ఎవరూ ఉండరు. నేను నా మిషనును జిల్లా దాటించలేదు.

చింత మొద్దు

మే నెలలో కోడుమూరు దిక్కు మా చిన్నాయన చేనులో గాలికి చింత మాను కూలింది. మొదలు దగ్గర రెండు మూరల మందం. పొద్దున ఆరింటికి మొదలుపెట్టినాం. చింత చేవ గట్టిది, బ్లేడు మధ్యకు వచ్చేసరికి మిషను గొంతు మారింది, ఆగలేదు. ఎర్రగా, తడిగా పేళ్ళు పాదాల మీద పడుతుంటే చిన్నాయన వంగి ఒకటి తీసుకుని వేళ్ళతో విరిచి చూసినాడు. "మేకు మాదిరి గట్టిది, దీంతో నాగటి పనిముట్లు చేసేవాళ్ళం" అన్నాడు.

తొమ్మిదిన్నరకు ఎండ నెత్తికెక్కింది. పెట్రోలు పోయడానికి ఆపినాను. మళ్ళీ లాగితే పలకలేదు. ఒకటి, రెండు, పది లాగులు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పు ఉంది, పెట్రోలే రావడం లేదు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై బుడగ కట్టింది. ఆ పొరలు నీళ్ళలాంటిదాన్ని తోడగలవు గానీ ఆవిరిని తోడలేవు. కార్బరేటరు మీద తడిగుడ్డ వేసి నీడకు తెచ్చినాను.

"గొడ్డలి తెమ్మంటావా?" అన్నాడు చిన్నాయన.

"ఒక అరగంట ఆగు, చిన్నాయనా."

సద్ది మూట విప్పినాం. మజ్జిగ తాగి, ఆయన బీడీ ముట్టించబోతే పెట్రోలు డబ్బా చూపించి దూరం పొమ్మన్నాను. గొణుక్కుంటూ గట్టు దాకా పోయి కాల్చుకుని వచ్చినాడు. గుడ్డ ఆరిపోయింది. చేయి పెట్టి చూస్తే కార్బరేటరు చల్లబడింది. మిషనును నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు ఆనించి లాగినాను. రెండో లాగుకు అందుకుంది.